మానసిక జబ్బుల మందులు ఇంట్లో నడుపుకోవడం ఎలా: మాత్రల డబ్బా పక్కన ఒక నోటుబుక్కు

మా అప్పకి, అంటే అక్కకి, బైపోలార్ జబ్బు. కొన్నాళ్లు నిద్రన్నదే లేకుండా ఊరంతా తిరగడం, చేతిలో ఉన్న డబ్బంతా ఎదురొచ్చినవాళ్లకి పంచేయడం. కొన్నాళ్లు మంచం దిగకపోవడం, స్నానానికి కూడా లేవకపోవడం. పదహారేళ్లుగా మందుల మీద ఉంది. ఇప్పుడు జీడిపిక్కల ఫ్యాక్టరీకి పనికెళ్తోంది, ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జబ్బు మొదలైన మూడేళ్లు మేమేమీ రాసుకోలేదు. ఆ మూడేళ్లలో ఏ మాత్ర ఎప్పుడు మొదలైందో, ఏది ఎందుకు మార్చారో, ఎన్నిసార్లు మానేసిందో ఇవాళ ఎవరడిగినా చెప్పలేం. కొత్త డాక్టరు దగ్గరికెళ్లిన ప్రతిసారీ వైద్యం మొదటికొచ్చేది. పడని మాత్రే పేరు మారి మళ్లీ ఇంటికొచ్చేది.

ఏ మందు, ఎంత డోసు అన్నది డాక్టరు పని. కానీ చీటీ చేతికొచ్చిన రోజు నుంచి మళ్లీ ఓపీకి వెళ్లే రోజు దాకా నడిచే నెల రోజులూ ఇంటివాళ్ల చేతిలోనే ఉంటాయి. ఆ నెల గురించే ఇదంతా.

1. చీటీ తీసుకుని లేచిపోకముందు

శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికి వెళ్లినా, విజయనగరం వెళ్లినా, విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రి దాకా వెళ్లినా ఓపీలో మన వంతుకి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కంగారులో అడగాల్సినవి గుర్తుకు రావు. అందుకని ముందురోజు రాత్రే కాగితం మీద రాసుకోండి. జబ్బు పేరేమిటి? ఈ మాత్ర దేనికి? గుణం కనిపించడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఒక పూట మర్చిపోతే ఏం చెయ్యాలి? ఏం కనిపిస్తే ఆగకుండా రావాలి? ఈ ఐదింటికీ జవాబు లేకుండా లేవకండి. ఇప్పటికే వాడుతున్న బీపీ, షుగరు, థైరాయిడ్, మోకాళ్ల నొప్పుల మాత్రలు, పసరు మందులు, అన్నీ సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. పేర్లు నోటితో చెబితే తప్పులు దొర్లుతాయి.

ఊళ్లో అందరూ వీటన్నిటినీ కలిపి "నిద్రమాత్రలు" అనేస్తారు. అది తప్పు, ఆ తప్పు వల్లే భయం. ఎస్సిటలోప్రామ్, సెర్‌ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి దిగులుకీ ఆందోళనకీ ఇస్తారు, వీటికి వ్యసనంగా అలవాటు పడరు. లిథియం, వాల్‌ప్రోయేట్ లాంటివి మూడ్ ఎగిసిపడకుండా పట్టి ఉంచేవి. రిస్పెరిడోన్, ఒలాంజపిన్, హాలోపెరిడాల్ లాంటివి లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు లాంటివాటికి. నిజంగా అలవాటయ్యేవి క్లోనాజెపామ్, అల్ప్రాజోలామ్, లోరాజెపామ్. ఇవి కొద్ది వారాలకని రాసినవి ఏళ్ల తరబడి నడిచిపోతుంటాయి. అల్ప్రాజోలామ్ లాంటివి అమ్మితే షాపువాళ్లు వేరే రిజిస్టరులో పేరు రాయాలన్న నిబంధన 2014 నుంచి ఉంది. చీటీ లేకుండా ఇస్తున్న షాపు మనకి మేలు చేస్తున్నట్టు కాదు.

2. నోటుబుక్కు

పిల్లల వంద పేజీల పుస్తకం చాలు. మొదటి రెండు పేజీలు వదిలేయండి, వాటి సంగతి చివర్లో చెబుతాను. మూడో పేజీ నుంచి ప్రతి మాత్రకీ ఒక వరుస: అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, మొదలెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఆపడానికి కారణం. రాయాల్సింది కంపెనీ పెట్టిన పేరు కాదు, దానితో పాటు రాసి ఉండే అసలు మందు పేరు. ఆసుపత్రిలో ఇచ్చిన స్ట్రిప్పు, జన ఔషధి షాపులో స్ట్రిప్పు, బజారు మెడికల్‌లో స్ట్రిప్పు మూడు రంగుల్లో ఉండొచ్చు. లోపలిది ఒకటే మందు కావచ్చు. ఈ సంగతి తెలియక మా అమ్మ ఒకే మందుని రెండు స్ట్రిప్పుల్లోంచి పది రోజులపాటు రెండేసి వేయించింది. అప్పటినుంచే రాయడం మొదలుపెట్టాం.

రోజుకో పంక్తి కూడా రాయాలి. ఎన్ని గంటలు పడుకుంది, మాత్ర పడిందా లేదా, ఏదైనా కొత్తగా కనిపించిందా. అంతకంటే ఎక్కువ రాయాలనుకుంటే నాలుగో రోజుకే మానేస్తారు. మా అనుభవంలో నిద్ర అంకె అన్నిటికంటే విలువైనది. అప్పకి మనిషి మారకముందే నిద్ర మారుతుంది. ఏడు, ఏడు, ఐదు, నాలుగు అని దిగుతుంటే వారం ముందే డాక్టరుకి ఫోన్ చేస్తాం. రాయాల్సింది వీలైనంత వరకు జబ్బు మనిషే. మొదట్లో నేను రాసేవాణ్ణి, అది తనమీద నిఘాలా ఉండేది అప్పకి. తన చేతికిచ్చాక పుస్తకం తనదైంది.

3. డబ్బా, పూట, మర్చిపోవడం

వారానికి సరిపడా గదులున్న ప్లాస్టిక్ డబ్బా మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఆదివారం సాయంత్రం కూర్చుని నింపండి. గడియారం చూసి వేసుకోవడం కంటే రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెట్టడం మేలు: పొద్దున చోడి (రాగి) అంబలి తాగాక, రాత్రి కంచం కడిగాక. మత్తుగా ఉండే మాత్ర రాత్రికి మార్చవచ్చేమో డాక్టరునడగండి, చాలామటుకు మారుస్తారు. రాత్రి వేటకెళ్లే మత్స్యకారులు, నైట్ డ్యూటీ చేసేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి పూట దగ్గర పడితే దాన్ని వదిలేయండి. రెండూ కలిపి మాత్రం వేసుకోవద్దు. రెండు మందుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. క్లోజపిన్ (ఇదీ లేని గొంతులు వినిపించేవాళ్లకి ఇచ్చేదే) రెండు రోజులు తప్పితే పాత డోసుతో మళ్లీ మొదలెట్టకూడదు, బీపీ పడిపోయి మనిషి కూలిపోవచ్చు. లామోట్రిజిన్ (మూడ్‌ని పట్టి ఉంచేది) నాలుగైదు రోజులు తప్పినా అంతే, మళ్లీ చిన్న డోసు నుంచే పైకెళ్లాలి, లేకపోతే ఒళ్లంతా ప్రాణాంతకమైన దద్దుర్లు రావచ్చు. ఈ రెండింటికీ డాక్టరుకి ఫోన్ చేశాకే మళ్లీ మాత్ర ముట్టుకోవాలి.

4. మొదటి ఆరు వారాలు

మందు మానేసేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే మానేస్తారు. దిగులు మందులకి గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి: వికారం, తలనొప్పి, కాళ్లూ చేతులూ ఆడనివ్వని అస్థిమితం. లాభం వెనకాల, కష్టం ముందు. ఈ వరస ముందే తెలిసిన మనిషి తట్టుకుంటుంది. తెలియని మనిషి "ఈ మందు నాకు పడలేదురా" అని ఐదో రోజు పారేస్తుంది.

పాతికేళ్ల లోపు పిల్లలకి ఈ మందులు కొత్తగా మొదలెట్టినప్పుడు మొదటి వారాల్లో కొందరిలో చచ్చిపోవాలన్న ఆలోచన పెరగవచ్చు. అందుకని ఆ రోజుల్లో ఒంటరిగా వదలకండి, హాస్టలుకి పంపకండి, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు.

ఇంకో మాట. దిగులు అని వెళ్లినప్పుడు, అంతకుముందెప్పుడైనా నిద్ర లేకుండా అతిగా హుషారుగా ఉన్న రోజులుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. బైపోలార్ ఉన్నవాళ్లకి ఒట్టి దిగులు మందు ఇస్తే ఉన్మాదం వైపు ఎగదోయవచ్చు. అప్పకి మొదటిసారి అదే జరిగింది. మేము చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

5. దెయ్యం కాదు, మందు

హాలోపెరిడాల్ లాంటి ఇంజెక్షను చేయించుకుని ఇంటికొచ్చిన రాత్రో మర్నాడో మెడ ఒక పక్కకి తిరిగిపోవడం, కళ్లు పైకెక్కిపోవడం, దవడ బిగుసుకోవడం, నాలుక బయటికి రావడం జరగవచ్చు. కుర్రవాళ్లలో ఎక్కువ. చూసినవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. మా వైపు పల్లెల్లో ఇది చూస్తే గాలి సోకిందనీ, చిల్లంగి (చేతబడి) పెట్టారనీ భూతవైద్యుడి దగ్గరికి పరిగెడతారు. అది కండరాలు బిగుసుకోవడం, అంతే. ఆసుపత్రిలో దానికి విరుగుడు ఇంజెక్షను ఉంది, చాలామందికి అరగంటలో సర్దుకుంటుంది. ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర ఇలాంటివి రాకుండా ఇచ్చేదే. "ఈ చిన్న మాత్రెందుకులే" అని దాన్నొక్కదాన్నీ తీసేయకండి.

నోరు ఎండిపోవడం, కొద్దిపాటి వణుకు, మలబద్ధకం, మత్తు లాంటివి నోటుబుక్కులో రాసి తర్వాతి ఓపీ దాకా ఆగవచ్చు (క్లోజపిన్ మీద ఉన్నవాళ్ల మలబద్ధకం మాత్రం అశ్రద్ధ చేయకూడదు). కాలు నిలవనీయని అస్థిమితం, నెలసరి ఆగిపోవడం, రొమ్ముల్లో పాలు రావడం, ఒళ్లు అమాంతం పెరగడం, పడక సుఖం తగ్గడం లాంటివి సిగ్గుపడకుండా చెప్పాలి. డోసు తగ్గించో మందు మార్చో చాలావాటికి దారి ఉంటుంది. చెప్పుకోలేక మందే మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు, ముఖ్యంగా మగవాళ్లు.

ఆగకూడనివి ఇవి. ఒళ్లు కర్రలా బిగుసుకుపోయి పెద్ద జ్వరం, చెమటలు, అయోమయం. లామోట్రిజిన్, కార్బమాజిపిన్ (ఇదీ మూడ్‌ని పట్టి ఉంచేదే) వాడుతుండగా నోట్లో పుళ్లతో ఒంటి మీద దద్దుర్లు. క్లోజపిన్ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి. అదే రోజు రక్తంలో తెల్లకణాలు చూపించాలి. మామూలు జ్వరం మాత్రతో సరిపెట్టకండి.

6. లిథియం, ఉద్దానం, నొప్పుల సూది

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు "క్రియాటినిన్" (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) అన్న మాట చదువు రాని ముసలమ్మలకీ తెలుసు. ప్రతి వీధిలో కిడ్నీ జబ్బు మనిషి ఉంటారు. లిథియం ఒంట్లోంచి బయటికి పోయేది దాదాపు పూర్తిగా కిడ్నీల ద్వారానే. కాబట్టి ఈ మందు మీద ఉన్న ఉద్దానం మనిషి మిగతావాళ్లకంటే రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. మొదలెట్టేముందే "మాది ఉద్దానం, మా ఇంట్లో ఫలానావాళ్లకి కిడ్నీ జబ్బుంది" అని డాక్టరుతో చెప్పండి. అలాగని భయపడి వద్దనకండి. బైపోలార్‌కి ఇంతకంటే నమ్మకమైన మందులు తక్కువ, ఆత్మహత్యల్ని తగ్గించే మందుగా దీనికి పేరుంది.

లిథియంకి మేలు చేసే స్థాయికీ విషమయ్యే స్థాయికీ మధ్య దూరం తక్కువ. రక్తంలో సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు. 1.5 దాటితే విషం. పెద్ద వయసువాళ్లకి ఒక్కోసారి అంతకు తక్కువలోనే విషలక్షణాలు వస్తాయి. పరీక్షకి రక్తం ఇవ్వాల్సింది చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి. రాత్రి 9కి మాత్ర వేసుకుంటే పొద్దున 9కి రక్తం, పొద్దుటి మాత్ర ఆ తర్వాతే. ఇది తెలియక మాత్ర వేసుకుని వెళ్తే అంకె తప్పుగా వస్తుంది, డోసు తప్పుగా మారుతుంది. స్థాయి కుదురుకున్నాక మూడు నుంచి ఆరు నెలలకోసారి లిథియం, కనీసం ఆరు నెలలకోసారి క్రియాటినిన్, థైరాయిడ్ చూపించాలి.

ఏడేళ్ల కిందట కోతల రోజుల్లో అప్పకి నడుం నొప్పి. ఊళ్లో ఆరెంపీ గారు మూడు రోజులు నొప్పుల సూది వేసి, పదిరోజులకి మాత్రలిచ్చారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, లిథియం సంగతి మేము చెప్పలేదు. ఎండలో పని, చెమట, నీళ్లు చాలలేదు. ఐదో రోజు చేతులు గ్లాసు పట్టుకోలేనంత వణికాయి. వాంతులు. నడిస్తే తాగినమనిషిలా తూలిపోయింది, మాట ముద్దగా వచ్చింది. వదిన "ఎండదెబ్బేమో" అంది. 108లో తీసుకెళ్తే లిథియం రెండు దాటి ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పుల మందులు లిథియం బయటికి పోకుండా ఆపేస్తాయి. కొన్ని బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు కూడా అంతే. నొప్పికి, జ్వరానికి ఈ మనుషులకి పారాసిటమాలే నయం.

కాబట్టి లిథియం వాడేవాళ్లు ఎండలో పనిచేసే రోజుల్లో నీళ్లు దగ్గర పెట్టుకోవాలి. విరేచనాలో వాంతులో పట్టుకుంటే అదే రోజు ఫోన్ చేసి మాత్ర ఆపాలా అని అడగాలి. ఉప్పు తినడం ఉన్నట్టుండి తగ్గించకూడదు. ఒంట్లో ఉప్పు తగ్గితే లిథియం నిలవ పెరుగుతుంది. కిడ్నీకో బీపీకో ఉప్పు మానమని వేరే డాక్టరు చెబితే, ముందు మానసిక డాక్టరుకి ఆ మాట చేరాలి. కార్తీక సోమవారాలు నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండే అలవాటుంటే అది మానుకోవాలి. అప్ప పాలు, నీళ్లు తాగుతూ ఉంటుంది. శివుడేం అనుకోడని మా మామ్మే చెప్పింది.

7. చుట్ట, బీడీ, సారా

మా తీరం పల్లెల్లో ఆడవాళ్లు కూడా అడ్డపొగ (చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని) తాగుతారు. పొగాకు పొగ వల్ల క్లోజపిన్, ఒలాంజపిన్ ఒంట్లో త్వరగా అరిగిపోతాయి, డాక్టరు దానికి తగ్గట్టే డోసు పెట్టి ఉంటారు. ఆసుపత్రిలో చేర్చినప్పుడో, నోటి పుండు వచ్చి భయపడో ఒక్కసారిగా చుట్ట మానేస్తే అదే డోసు ఎక్కువైపోయి మనిషి మత్తులో పడిపోవచ్చు. చుట్ట మానడం మంచిదే, మానే ముందు డాక్టరుకి చెప్పండి, అంతే.

సారా అయినా, బ్రాందీ అయినా క్లోనాజెపామ్, అల్ప్రాజోలామ్ లాంటి మాత్రలతో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. విజయనగరం సిరిమానోత్సవానికో, పెళ్లికో వెళ్లి తాగాల్సివస్తుందని ఆ రోజు మాత్ర మానేసేవాళ్లున్నారు. అలా మొదలైన మానడం వారానికి పోతుంది.

8. పెళ్లీడు ఆడపిల్లలుంటే

వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకి వెన్నుపాము, మెదడు లోపాలు తెచ్చే మందు. గర్భం వచ్చిందని తల్లికి తెలిసేలోపే బిడ్డ వెన్నుపాము రూపు కట్టేస్తుంది, అందుకే తర్వాత చూద్దాం అంటే కుదరదు. పెళ్లీడు పిల్లకి ఈ మందు రాస్తే "వేరేది లేదా?" అని అడిగే హక్కు మీకుంది, అడగండి. ఇప్పటికే వాడుతుంటే పెళ్లి ముహూర్తం కంటే ముందు డాక్టరు అపాయింట్‌మెంటు పెట్టుకోండి. సొంతంగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది. కార్బమాజిపిన్ గర్భనిరోధక మాత్రల పనిని తగ్గిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

అత్తవారింట్లో తెలియకూడదని మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుని, దొరక్క మానేసి, పురుడైన నెలలోనే పూర్తిగా పడిపోయిన అమ్మాయిల్ని చూశాను. పురుటి తర్వాతి వారాలు బైపోలార్ ఉన్నవాళ్లకి అన్నిటికంటే ప్రమాదకరమైన కాలం. కనీసం అల్లుడికైనా చెప్పి పెళ్లి చేయండి.

9. మాత్రలు అయిపోకుండా

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు, మెడికల్ షాపు తలుపులు లేవు, దారి పొడుగునా కొబ్బరిచెట్లు పడి ఉన్నాయి. అప్ప దగ్గర రెండు రోజుల మాత్రలున్నాయి. అప్పటినుంచి సెప్టెంబరు వచ్చేసరికి పదిహేను రోజుల సరుకు అదనంగా, ప్లాస్టిక్ కవర్లో మూతికట్టి, చీటీ జిరాక్సుతో సహా ఉంచుతున్నాం.

గుజరాత్‌లోని వేరావల్ బోట్లకి నెలల తరబడి వెళ్లేవాళ్లు, చెన్నై, హైదరాబాద్ పనులకి వలసపోయేవాళ్లు బయల్దేరే ముందు డాక్టరుతో మాట్లాడి ఎక్కువ రోజులకి రాయించుకోవాలి. చీటీ ఫొటో ఫోన్లో, ఇంకొకటి ఇంట్లోవాళ్ల ఫోన్లో ఉండాలి. రోజూ మాత్ర కుదరనివాళ్లకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి, అడగండి.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాలి. మన వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు కూడా అందులోనే ఉంది. డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆ కాగితాలు లేకుండా రాకండి.

10. "నాకు బాగానే ఉంది కదా, ఇంకేటికి?"

ఈ మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. బాగుండటం మందు వల్లనే కావచ్చు. దిగులు మొదటిసారి వచ్చినవాళ్లకి బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు కొనసాగిస్తారు. చాలామందికి ఆ తర్వాత ఆపేస్తారు కూడా. బైపోలార్, స్కిజోఫ్రీనియా (లేని గొంతులు, అనుమానాలు వచ్చే జబ్బు) లాంటివాటికి ఏళ్లు పడుతుంది. ఆపాలనుకోవడం తప్పు కాదు. చెప్పకుండా ఒక్కసారిగా ఆపడమే ప్రమాదం. దిగులు మాత్రలు ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టనిపించడం, ఏడుపు రావడం జరుగుతాయి; దాన్ని జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. చాలాకాలం వాడిన క్లోనాజెపామ్, అల్ప్రాజోలామ్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్కలో వారాలు, ఒక్కోసారి నెలల మీద దించాలి.

అసలు వేసుకోనంటే? అన్నంలో కలిపి పెట్టేయమని అందరూ సలహా ఇస్తారు. మేమూ చేశాం. తెలిసిన రోజు నుంచి అప్ప నెల రోజులు మా ఇంట్లో అన్నం ముట్టలేదు. మందు మీద పోయిన నమ్మకం సంవత్సరానికి కూడా రాలేదు. దానికి బదులు ఎందుకు వద్దంటున్నారో అడగండి. అప్పకి కారణం లావైపోవడం. అది తేలిన రోజు డాక్టరు మందు మార్చారు, గొడవ అక్కడితో ఆగింది. కట్టేయడం, గొలుసులు వేయడం మాత్రం చేయకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో పారిపోలేక చనిపోయారు. ఇప్పుడు గొలుసు వేయడం చట్టరీత్యా నేరం.

11. తాళం, ఇంకా ఆ వదిలేసిన రెండు పేజీలు

మనిషి బాగా దిగులుగా ఉన్న రోజుల్లో నెల మాత్రలన్నీ చేతికి అందేలా ఉంచకూడదు. లిథియం, అమిట్రిప్టిలిన్ (ఒక దిగులు మందు) లాంటివి ఎక్కువ మింగితే ప్రాణం తీస్తాయి. పెట్టెలో పెట్టి తాళం వేసి వారానికి సరిపడా మాత్రమే బయట ఉంచండి. పురుగుమందు డబ్బా కూడా ఇంట్లోంచి తీసేయండి. ఎవరైనా ఎక్కువ మింగేస్తే వాంతి చేయిస్తూ కూర్చోకుండా ఖాళీ స్ట్రిప్పులతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కేసవుతుందని భయపడి ఆలస్యం చేయకండి, 2017 చట్టం వచ్చాక ఆ మనిషిని శిక్షించరు, సాయం చేయాలంటుంది.

నోటుబుక్కులో వదిలేసిన మొదటి పేజీలో పెద్దక్షరాలతో రెండు నంబర్లు రాయండి. 108 అంబులెన్సుకి. 14416 టెలీ మానస్‌కి; 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఉచిత ఫోను, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. వాటికింద డాక్టరు నంబరు, పడని మందుల పేర్లు.

రెండో పేజీ జబ్బు మనిషిది. బాగున్న రోజుల్లో, తన చేత్తో, బాగోలేనప్పుడు తనకేం చేయాలో తనే రాసుకోవాలి. దీన్ని పద్ధతి ప్రకారం ముందస్తు ఆదేశంగా రాయించుకునే వీలూ, తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే వీలూ చట్టంలో ఉన్నాయి. మా పుస్తకంలో ఆ పేజీ మీద అప్ప రాసినవి మూడే పంక్తులు. నన్నుగానీ తమ్ముణ్ణిగానీ మాత్రమే తోడు పంపాలని ఒకటి. పిల్లల్ని ఆ సమయానికి మామ్మ దగ్గర పడుకోబెట్టాలని ఇంకొకటి. మూడోది: "వరసగా రెండు రాత్రులు నాకు నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ పూట నాను వద్దంటాను. వద్దన్నా తీసుకెళ్లండి."